మన రోబోకు మీట చేద్దాం

పిల్లలూ! మీ బొమ్మ రోబో గోడకు గుద్దుకుని ఆగిందనుకోండి. చక్రాలు తిరగకపోయినా మోటారు మామూలుకంటే ఎక్కువ విద్యుత్తు లాగుతూ వేడెక్కుతుంది. అలాగే వదిలేస్తే మాడిపోవచ్చు. వెంటనే ఆపాలంటే స్విచ్చి కావాలి. దాన్నే తెలుగులో మీట అంటాం. ఇంట్లో ఉన్న వస్తువులతోనే చేద్దాం, రండి.

కావలసినవి: గట్టి అట్టముక్క, రెండు కాళ్ళుండే ఇత్తడి పిన్నులు 2, ప్లాస్టిక్ పూత లేని పేపరు క్లిప్పు, టేపు.

చేసే విధానం:
1. అట్టకు 2 సెంటీమీటర్ల దూరంలో రెండు చిల్లులు పెట్టాలి.
2. ఒక పిన్నును క్లిప్పు చివరలోంచి, చిల్లులోంచి దూర్చి, వెనక కాళ్ళు విడదీయాలి. రెండో పిన్నును రెండో చిల్లులో బిగించాలి. వెనకవైపు ఒకదాని కాళ్ళు ఇంకోదానికి తగలకూడదు. తగిలితే రోబో ఎప్పటికీ ఆగదు!
3. సెల్లులు తీసేసి, బ్యాటరీ పెట్టెనుంచి మోటారుకు వెళ్ళే ఎర్ర తీగను మధ్యలో కత్తిరించాలి. రెండు కొసల తొడుగూ ఒలిచి, చెరొక పిన్ను కాళ్ళకు చుట్టి, టేపు అంటించాలి.
4. మీటను రోబో పైన, చేతికందేలా అమర్చి సెల్లులు వేయాలి.

క్లిప్పును తిప్పి రెండో పిన్నుకు తగిలిస్తే రోబో కదులుతుంది. జరిపితే ఆగుతుంది.

జాగ్రత్త: ఈ మీట 1.5 వోల్టుల సెల్లులు నాలుగింటికే, అంటే 6 వోల్టులకే. గోడ ప్లగ్గుకు, లిథియం బ్యాటరీలకు వాడకూడదు. మోటారు లేకుండా బ్యాటరీ రెండు ధ్రువాలనూ మీటతో కలపకూడదు, తీగలు కాలిపోతాయి.

ఆలోచించండి: తలుపు మూస్తే రాకపోకలు ఆగుతాయి. విద్యుత్ వలయం మూస్తేనే కరెంటు పారుతుంది. ఎందుకో అమ్మానాన్నలకు తెలుగులో చెప్పండి చూద్దాం!