హస్తవాసి మీద పరిశోధన: ప్రశ్నలు - జవాబులు

ఈసారి ఉత్తరాల్లో నాలుగు సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలం నుంచే వచ్చాయి. నాలుగూ ఒకే దారికి చేరాయి: పీహెచ్‌డీ తర్వాత ఏమిటి, పనిమంతుల మీద పరిశోధన చేస్తే బతుకుతెరువు ఉంటుందా అని. అందుకే మిగతా ఉత్తరాలను వచ్చే వారానికి జరిపి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: ఉస్మానియాలో సోషియాలజీ పీహెచ్‌డీ వచ్చి ఏడాదిన్నర అయింది. పల్లెల్లోని ఆర్‌ఎంపీ డాక్టర్ల మీద చేసిన. మా నాయన కూడా ముప్పై ఏండ్ల నుంచి ఆర్‌ఎంపీనే. వృత్తుల మీద, నిపుణుల మీద పోస్ట్ డాక్టరల్ పరిశోధనకు అవకాశాలుంటాయని గైడు సారు చెప్పిండ్రు. అది ఇంకో డిగ్రీయా? ఎక్కడెక్కడ ఉంటయి? నాయన సంగతి దరఖాస్తులో రాస్తే చులకనైతవని దోస్తులంటున్నరు. రాయాల్నా వద్దా?
— ఒక పాఠకురాలు, చిన్నకోడూరు మండలం

జవాబు: డిగ్రీ కాదమ్మా, పని. పీహెచ్‌డీ అయ్యాక రెండు మూడేళ్లు ఒక సంస్థలో ఉండి, జీతమో ఫెలోషిప్పో తీసుకుంటూ, మీ సొంత ప్రశ్న మీద పరిశోధన చేయడం. చివర సర్టిఫికెట్ ఉండదు, పరీక్ష ఉండదు. మీరు అచ్చు వేయించిన వ్యాసాలు, పుస్తకమే మీ చేతిలో మిగిలేవి.

ఇక మీ విషయం. ఆర్‌ఎంపీ అన్న మూడక్షరాలకు అసలు అర్థం రిజిస్టరైన వైద్యుడు అని. మన ఊళ్లలో అది రిజిస్టర్ కాని వైద్యుడి పేరైంది! ఈ ఒక్క తిరకాసు చాలు, ఒక పుస్తకానికి సరిపడా ప్రశ్నలు పుట్టించడానికి. ఎవరు డాక్టరు, ఎవరు కాదు అని చెప్పే అధికారం ఎవరిది? చదువుదా, ప్రభుత్వానిదా, అర్ధరాత్రి తలుపు తట్టే రోగిదా? వృత్తులను చదివేవాళ్లు ప్రపంచమంతటా అడిగేది ఇదే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆండ్రూ ఆబట్ 1988లో వృత్తుల వ్యవస్థ మీద రాసిన పుస్తకాన్ని ఈ రంగంలో చదవనివారుండరు. ఆయన చెప్పింది మన భాషలో గెట్టు పంచాయితీ. ఏ వృత్తీ ఒంటరిగా బతకదు. ఈ పని నాదంటే నాదని పక్క వృత్తితో హద్దు కోసం కొట్లాడుతూనే పెరుగుతుంది, లేదా చిక్కిపోతుంది. ఎంబీబీఎస్‌కూ ఆర్‌ఎంపీకీ మధ్య జరుగుతున్నదీ అదే. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఉమ్మడి రాష్ట్రంలో ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇప్పించే పని మొదలుపెట్టింది. తర్వాత 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలో, 5 లక్షల దాకా జరిమానానో, రెండూనో అంటున్నది. గెట్టు రాయి ఒకసారి ఇటు, ఒకసారి అటు.

మీలాంటి వాళ్ల పని ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో 304 మంది ఇలాంటి వైద్యులను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరికి తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చి, మిగతావాళ్లతో పోల్చారు. ఫలితం 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. శిక్షణ పొందినవాళ్లు జబ్బుకు సరైన వైద్యం చేయడం మెరుగుపడింది. అనవసరపు మందులు, యాంటీబయాటిక్‌లు రాయడం మాత్రం తగ్గలేదు. అంకెలు అంతవరకు చెప్పాయి. ఎందుకు తగ్గలేదు? సూది వేయకపోతే, నాలుగు గోలీలు చేతిలో పెట్టకపోతే ‘గీన డాక్టరేంది’ అని రోగి లేచిపోతాడని మీకు తెలుసు, మీ ఇంటి అరుగు మీద చూశారు కాబట్టి. ‘ఆయన హస్తవాసి మంచిదవ్వా’ అన్న మాట విని పెరిగారు. ఆ మాటకు సరితూగే మాట నేను చదివిన ఇంగ్లీషు వ్యాసాల్లో నాకు కనపడలేదు. మీ ప్రతిపాదనకు ఆ మాటనే మూలం చేసుకోండి. రోగి దేన్ని నైపుణ్యమంటాడు, చట్టం దేన్నంటుంది, రెంటికీ మధ్య మీ నాయన లాంటివారు ఎలా నెట్టుకొస్తారు?

చులకన మాటకొస్తే, నా అభిప్రాయం మీ స్నేహితులకు పూర్తిగా వ్యతిరేకం. నా తొలి దరఖాస్తులో నేనూ ఇలాగే ఊరినీ ఇంటినీ దాచి, దేశం మొత్తాన్ని వర్ణించాను. తిరిగొచ్చింది. ఎందుకు తిరిగొచ్చిందో కాపీ మళ్లీ చదివితే నాకే అర్థమైంది: అది ఎవరైనా రాయగలిగిన కాగితం. అయితే మీకు చులకన కన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. పైన చెప్పిన చట్టం ఉన్నప్పుడు మీ పేరు పట్టుకుని మీ నాయనను గుర్తుపట్టడం ఎంతసేపు? అందుకే ముందు ఆయన్ని అడగండి. ఒప్పుకుంటే, ఎంపిక కమిటీ మాత్రమే చూసే దరఖాస్తులో రాయండి. అచ్చయ్యే వ్యాసంలో రాయాలా అన్నది తర్వాత ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. క్షేత్ర పరిశోధనకు సొంత మండలం వద్దు, తెలియని చోటికి పోండి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు మార్చండి. (మీరు ఉత్తరంలో రాసిన ఊరి పేరు తీసేసి మండలం పేరు మాత్రమే వేశాను.)

ఎక్కడెక్కడ అంటే, దగ్గర్నుంచి మొదలుపెడదాం. ఐసీఎస్‌ఎస్‌ఆర్ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ రెండేళ్లది. మిమ్మల్ని చేర్చుకునే యూనివర్సిటీనో పరిశోధన సంస్థనో ముందే ఒప్పించుకోవాలి. హైదరాబాద్‌లో 1980 నుంచి ఉన్న సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్), కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్, సెంట్రల్ యూనివర్సిటీ సోషియాలజీ విభాగం మీకు బస్సు దూరంలోనే ఉన్నాయి. యూజీసీ 2022లో రాధాకృష్ణన్ పేరిట ప్రకటించిన ఫెలోషిప్‌లు 900. నెలకు 50 వేలు, అందులో 30 శాతం మహిళలకు. ఇవి ఏటా ఒకే వేళకు రావు కాబట్టి ప్రకటన కోసం కన్నేసి ఉంచాలి.

బయటి దేశాల్లో అయితే నార్వేలోని ఓస్లో మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో వృత్తుల అధ్యయనానికే ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. నర్సులు, టీచర్లు, సోషల్ వర్కర్లు ఎలా తయారవుతారు, వాళ్ల మాటను జనం ఎందుకు నమ్ముతారు అన్నదే అక్కడి పని. నార్వేలో పోస్ట్ డాక్ అంటే జీతమిచ్చే ఉద్యోగం. ప్రకటనలో నార్వే భాష తప్పనిసరి అని ఉందేమో మాత్రం చూసుకోండి. యూరప్ దేశాల మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ అయిన ఎనిమిదేళ్ల లోపు వేయొచ్చు. గడువు సాధారణంగా సెప్టెంబర్‌లో పడుతుంది, ప్రతిపాదనలో అసలు భాగం పది పేజీలే. అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ, జర్మనీకి హంబోల్ట్ ఉన్నాయి, కానీ వీటికి గడియారం బిగువు: పీహెచ్‌డీ అయి నాలుగేళ్లు దాటకూడదు. మీకు ఏడాదిన్నర గడిచిపోయింది. కాబట్టి ఈ రెండిటిని ముందు పట్టుకోండి, మేరీ క్యూరీ కొంచెం ఆగగలదు.

అక్కడి ప్రొఫెసర్‌కు ఉత్తరం రాసేటప్పుడు ‘గౌరవనీయులైన సార్’ అని నలభై మందికి ఒకే కాగితం పంపకండి. ఒక్కరిని ఎంచుకుని, ఆయనో ఆవిడో రాసిందేదైనా నిజంగా చదివి, దాంతో మీకు పేచీ ఎక్కడో రెండు వాక్యాల్లో చెప్పి, మీ థీసిస్‌లో బాగా వచ్చిన ఒక్క అధ్యాయం జతచేయండి. మొత్తం పేజీ దాటొద్దు.

ప్రశ్న: మాది నేతన్నల కుటుంబం. మా తాత గొల్లభామ చీరలు నేసేటోడు. నేను చేనేత మీద పీహెచ్‌డీ చేస్తున్న. చేనేత మీద రాస్తే సంస్కృతి, వారసత్వం అంటరు గానీ నైపుణ్యం అన్న లెక్కల ఎవరు తీసుకుంటరు?
— సిద్దిపేట నుంచి, ప్రస్తుతం చిన్నకోడూరులో లెక్చరర్

జవాబు: తీసుకున్నారు తమ్ముడూ, అదీ జర్మనీలో. మన చేనేతకారులతో ఏళ్ల తరబడి పనిచేసిన అన్నపూర్ణ మామిడిపూడి నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. నేత అంటే పాతబడిన పని కాదని, నేతగాళ్లు నిత్యం కొత్తది కనిపెడుతూనే ఉన్నారు కాబట్టే మగ్గం నిలిచిందని ఆమె వాదం. ఆ తర్వాత మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో ‘పెనెలోపి’ అనే ప్రాజెక్టులో, బెర్లిన్‌లో విజ్ఞాన శాస్త్ర చరిత్రకు ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థలో పరిశోధన చేశారు. ఆ మొదటి ప్రాజెక్టు సారాంశమే నేతను ఒక గణితంగా, ఒక ఆలోచనా పద్ధతిగా చదవడం. చీర మీద నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ తేలాలంటే ఎన్ని పోగులు ఎత్తాలి, ఎన్ని వదలాలి అని మీ తాత నోటిలెక్కతో చేసిందే అది. గుంత మగ్గంలో కూర్చుని చేసిన ఆ లెక్కను కాగితం మీద పెట్టగలరా? పెడితే మీ పీహెచ్‌డీ వారసత్వం అరలోంచి బయటపడుతుంది. ఇంట్లో ఆ పని తెలిసిన పెద్దలు మిగిలి ఉంటే ఈ దసరా సెలవుల్లోనే కూర్చోబెట్టి, నేస్తుంటే వీడియో తీసుకోండి.

ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం సంగతి మీకు చెప్పక్కర్లేదు. తల్లి చేతి నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంజినీరింగ్ పట్టా లేని ఆ పనితనాన్ని ఏ పేరుతో పిలవాలి? ఇదీ మీ రంగంలోని ప్రశ్నే.

ప్రశ్న: నాది వ్యవసాయ శాస్త్రంలో పీహెచ్‌డీ, సోషియాలజీ కాదు. రైతులు మా మాట ఎందుకు వినరన్నది చాన్నాళ్ల నుంచి నా మనసులో ఉంది. ఈ రంగంలోకి రావచ్చా?
— చంద్లాపూర్ నుంచి

జవాబు: రావచ్చు, కానీ ప్రశ్నను తిరగేసుకుని రండి. రైతులు మన మాట ఎందుకు వినరు అన్నది అధికారి ప్రశ్న. రైతు ఎవరి మాట వింటాడు, ఎందుకు వింటాడు అన్నది పరిశోధకుడి ప్రశ్న. 5 వేల ఎకరాలకు ఒక ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) ఉన్నారు, రైతు వేదిక ఉంది, ఫర్టిలైజర్ దుకాణపాయన ఉన్నాడు, గెట్టు పక్క రైతున్నాడు. ఇక రంగనాయక సాగర్ నీళ్లు ఇంటి ముందుకొచ్చాక నిన్నటి మెట్ట రైతు వరి నేర్చుకున్నది ఎవరి దగ్గర? గ్లెన్ స్టోన్ అనే అమెరికా మానవ శాస్త్రవేత్త వరంగల్ పత్తి రైతులను ఏళ్లపాటు గమనించి 2007లో రాశాడు: విత్తనాల పేర్లు మరీ వేగంగా మారిపోవడంతో, స్వయంగా వేసి చూసి నేర్చుకునే పద్ధతి దెబ్బతిని, పక్కవాడు ఏది వేస్తే అది వేయడం పెరిగిందని. ఆయన చెప్పింది ఒప్పుకోనవసరం లేదు. పెద్దకోడూరులో అడిగి చూస్తే వేరే మాట వినపడొచ్చు. అదే మీ ప్రతిపాదన.

ఇంగ్లండ్‌లో ఇంకొక కథ ఉంది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అక్కడి కంబ్రియా కొండల్లో గొర్రెల అమ్మకాన్ని ఆపేశారు. మూడు వారాల్లో సర్దుకుంటుందన్నారు శాస్త్రవేత్తలు. ఆఖరి ఆంక్షలు తీసేసరికి 2012 వచ్చింది. ఆ నేల సంగతి, గొర్రె మేత సంగతి తెలిసిన కాపరులను ఎవరూ అడగలేదని బ్రయన్ విన్ రాసిన వ్యాసాలు ఈ రంగంలో ఇప్పటికీ పాఠాలు. మన దగ్గర 2017లో ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు మందను ఎంచింది ఎవరి కన్ను, గొల్లకురుమ పెద్దదా, పశువుల డాక్టరుదా? మీకు శాస్త్రవేత్తల భాష వస్తుంది, ఊరి భాష వస్తుంది. సోషియాలజీ చదివినవాళ్లలో చాలామందికి ఆ మొదటిది రాదు. ఒక ఏడాది పుస్తకాలు చదవండి, దరఖాస్తు తర్వాత.

ప్రశ్న: మా కోడలు పీహెచ్‌డీ అయిపోయిందన్నది. మల్ల పోస్ట్ అంటున్నది. గిది ఎప్పుడు ఒడుస్తది? సాఫ్ట్‌వేర్ల మీద పరిశోధనట, సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే పాయె గద? ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు రెండు లచ్చలిస్తే సీటిప్పిస్తమన్నరు, ఇయ్యమంటరా?
— ఓ మామగారు, చిన్నకోడూరు

జవాబు: ముందు ఆఖరి మాట. ఇవ్వకండి పెద్దయ్యా, రూపాయి కూడా. పోస్ట్ డాక్‌లో సీట్లుండవు, అమ్ముకునేదేమీ లేదు. వాళ్లే మీ కోడలికి డబ్బులిస్తారు.

సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లు మన దగ్గర ఇంటికొకరున్నారు. వాళ్లెలా తయారయ్యారు, అమీర్‌పేట నుంచి ఆస్ట్రేలియాకు ఎవరు పంపారు, మధ్యలో ఎవరు ఎంత తిన్నారు, కట్నం రేటు ఎలా పెరిగింది అని లెక్క తీసినవాళ్లు తక్కువ. ఆ లెక్క కోసం శియాంగ్ బియావో అనే చైనా ఆయన హైదరాబాద్ వచ్చి తిరిగి, 2007లో పుస్తకం వేశాడు. ఇప్పుడాయన జర్మనీలో ఒక మాక్స్ ప్లాంక్ సంస్థకు డైరెక్టర్. మన ఇండ్ల సంగతి రాయడానికి చైనా నుంచి ఒకరు రావాల్సి వచ్చింది. మీ కోడలు రాస్తానంటున్నది. ఎప్పుడు ఒడుస్తదంటే, రెండేళ్లు, మూడేళ్లు. ఈలోపు ఆమె ఇంట్లో కూర్చుని రాసుకుంటుంటే ఖాళీగా ఉందనుకుని పొద్దున పాలకు పంపకండి.