ఫీజు కట్టే ముందు ఒక పాత ప్రశ్నపత్రం

ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమినరీ పరీక్ష 2023 జనవరిలో అయింది. తుది ఫలితాలు మాత్రం 2025 ఆగస్టులో గానీ రాలేదు. శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి, సోంపేట వైపు ఇరవై రెండేళ్లకు దరఖాస్తు పెట్టిన కుర్రాడికి ఆ కబురు అందేసరికి పాతికేళ్లు నిండాయి. ఆ మూడేళ్లూ పుస్తకం, మైదానం వదలనివారు ఉన్నారు. కోచింగ్‌లో చేరితే తప్ప చదవబుద్ధి కాదంటూ ఏటా ఫీజు కట్టినవారూ ఉన్నారు.

"మా గుంటడికి తెలివుంది గానీ కసి లేదండి. ఎక్కడైనా హాస్టల్లో పడేస్తే అదే వస్తుంది." ఈ ఉద్దానం ప్రాంతపు ఇళ్లలో ఈ మాట మామూలైపోయింది. బిడ్డ మీద ప్రేమతో అనేదే, కానీ తప్పు. డీఎస్సీ అంటే అవనిగడ్డ, బ్యాంకు అంటే నంద్యాల, గ్రూప్స్ అంటే హైదరాబాద్ అశోక్‌నగర్ అని దారులు ముందే గీసేశారు. పక్కింటి అబ్బాయి వెళ్లాడు గనుక మనవాడూ వెళ్లాలి. ఊరు మారిన హుషారు కొన్ని వారాలు ఉంటుంది. అది తగ్గాక మిగిలేది అద్దెగది, మెస్ బిల్లు, ఇంటి నుంచి రోజూ వచ్చే ఫోను.

ఆ డబ్బు ఎక్కడిదో కూడా చూడాలి. జీడిపంట మీద అడ్వాన్సు, అమ్మ డ్వాక్రా అప్పు, తాకట్టులోకి పోయిన బంగారం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. కూలిన కొబ్బరిచెట్టు చోట పెట్టిన మొక్క కాపుకు రావాలంటే అయిదారేళ్లు పడుతుంది. దీనికి తోడు ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు ముదిరితే వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు తిరగాలి. అలాంటి ఇంట్లో పిల్లవాడు ఒక్క పాత ప్రశ్నపత్రమైనా రాసి చూడకముందే లక్ష రూపాయలు తెచ్చి కోచింగ్‌కు పోయడం కుటుంబానికి అన్యాయం. పిల్లవాడికి ఇంకా పెద్ద అన్యాయం. ఆ అప్పు తలమీద ఉన్నంతకాలం "ఇది నాకు పడదు నాన్నా" అని నోరు విప్పలేడు.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నేను చేయగలనన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందన్నారు: స్వయంగా చేసి సాధించడం, తనలాంటివారు చేస్తుండగా చూడడం, ఇతరుల ప్రోత్సాహపు మాటలు, శరీరం, మనసు ఉన్న స్థితి. వీటన్నిటిలో బలమైనది మొదటిది. మోటివేషన్ క్లాసుల్లో డబ్బిచ్చి కొనుక్కునేది ప్రధానంగా మూడోది.

ఇందుకు ఉదాహరణ ఈ జిల్లాలోనే ఉంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి పన్నెండేళ్ల వయసులో కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టారు. అప్పటికి ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ అనేదే లేదు. అది తొలిసారి చేరింది 2000 సిడ్నీ క్రీడల్లో. అక్కడే ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. సాధన మొదలైన రోజున ఆ లక్ష్యమే ఇంకా పుట్టలేదు. ఎత్తగలిగిన బరువు ఒకటి ఉంది, అంతే. పదో తరగతి పిల్లల్ని "నీ జీవిత లక్ష్యం ఏంటి?" అని నిలదీసే పెద్దలు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఇదే పద్ధతి ఉద్యోగ పరీక్షలకూ పనికొస్తుంది. పోలీసు కొలువు కావాలన్న కుర్రాడు పురుషుల దేహదారుఢ్య పరీక్షలో 1,600 మీటర్లను 8 నిమిషాల్లో పరుగెత్తాలి. మొదటి రోజు సగం నడిచినా సరే, హైస్కూలు మైదానంలో ఆ దూరం పూర్తిచేసి పట్టిన సమయం రాసుకోవాలి. ఒక ఆదివారం మూడు గంటలు కూర్చుని పాత ప్రిలిమినరీ పేపరు రాయాలి. తప్పులన్నీ అంకగణితంలోనే ఉన్నాయని తేలితే ఊళ్లో లెక్కలు చెప్పే మాస్టారు చాలు, విశాఖ కోచింగ్ అక్కర్లేదు. రెండు వారాలు రోజుకు అరగంట కూర్చున్నా ఏ మాత్రం మనసు లాగకపోతే, ఆ సంగతి పైసా ఖర్చు లేకుండా తెలిసినట్టే.

భావనపాడు, మంచినీళ్లపేట, బారువ మత్స్యకార కుటుంబాల పిల్లలు కలాసీలుగా గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతున్నారు. అలాంటి పిల్లలకు పనికొచ్చే సిఫ్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ యూనిట్ విశాఖలో ఉంది. వెసల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ అనే రెండేళ్ల కోర్సులు నేర్పుతుంది. అర్హత పదో తరగతి, లెక్కలు, సైన్సులో 40 శాతం మార్కులు, ఆపైన ప్రవేశపరీక్ష. సముద్రం ఇప్పటికే తెలిసిన పిల్లవాణ్ని బలవంతంగా ఎంపీసీలో కూర్చోబెట్టే కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

పలాస జీడిపప్పు సంగతీ అంతే. డబ్ల్యూ 180, డబ్ల్యూ 320 గ్రేడుల్లోని ఆ అంకె ఒక పౌండుకు ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. ఊరి నిండా పరిశ్రమలున్నా ఇది తెలియని డిగ్రీ విద్యార్థులు ఎందరో. సెలవుల్లో పది రోజులు ఒక యూనిట్లో నిలబడితే గింజ ఉడకబెట్టడం, తొక్క తీయడం, గ్రేడింగ్, కూలి లెక్క అన్నీ కళ్లముందే తెలుస్తాయి. చిన్న ఆహారశుద్ధి యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ పెట్టారు. వ్యాపారం తెలియకముందే రాయితీ వెంట పడితే మిగిలేది బ్యాంకు అప్పే.

గల్ఫ్‌కు వెల్డరుగా, ఫిట్టరుగా పోదామనుకునేవారి మొదటి అడుగు ఇంకా చిన్నది. ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇచ్చేముందు అతని లైసెన్సు నంబరు అడిగి, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూడాలి. నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. నంబరు చెప్పడానికి తటపటాయించే మనిషికి, లక్షల్లో అడిగి రసీదు ఇవ్వని మనిషికి దండం పెట్టి ఇంటికి వచ్చేయాలి. పదో తరగతి పరీక్షలు కాకముందే సీటు రిజర్వేషన్ అంటూ గుమ్మంలోకి వచ్చే కాలేజీల మనుషులకూ అదే వర్తిస్తుంది. ఫలితాలు వచ్చేదాకా, పాలిసెట్ రాసేదాకా ఎవరికీ అడ్వాన్సు కట్టనక్కర్లేదు.