ఒక్క కాలే వాచిందా?



ఈ నెల పిల్లల గురించి కాదు, మీ గురించి, ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యల గురించి.

టెన్త్ చదివే పిల్లలను అడగండి, సిరల్లో కవాటాలు ఎందుకో చెబుతారు. కాళ్లలోని రక్తం పైకెక్కి గుండెకు చేరాలి. నడిచినప్పుడల్లా పిక్క కండరం బిగిసి రక్తాన్ని పైకి తోస్తుంది, కవాటాలు దాన్ని కిందికి జారనివ్వవు. ఆపరేషన్ తర్వాత మంచం మీదే ఉన్నా, గంటల తరబడి కదలకుండా ప్రయాణించినా ఈ పని మందగిస్తుంది. అప్పుడు లోపలి సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. దీన్నే డీప్ వెయిన్ త్రాంబోసిస్, పొట్టిగా డీవీటీ అంటారు.

రోజంతా నిలబడితే రెండు కాళ్లూ వాస్తాయి. ఇది మా టీచర్లందరికీ తెలిసిందే! డీవీటీలో సాధారణంగా ఒక్క కాలే వాస్తుంది. పిక్కలోనో తొడలోనో నొప్పి, ముట్టుకుంటే వేడి, చర్మం ఎర్రబడటం ఉండొచ్చు. చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి చేత్తో తాకి చూడండి. డాక్టర్లు టేపుతో రెండు పిక్కల చుట్టుకొలత కూడా చూస్తారు. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. అంతకన్నా తక్కువుంటే ఫర్వాలేదని మాత్రం అనుకోవద్దు.

మన ఇళ్లలో ఇలాంటి నొప్పికి "నరం పట్టేసింది" అని నూనె రాసి పిసుకుతారు. ఒక్క కాలే వాచినప్పుడు దయచేసి ఆ పని చేయకండి. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

మా ప్రీ-ప్రైమరీ తల్లులకు ఒక మాట. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత 6 వారాల వరకు ఈ ముప్పు ఎక్కువ. సిజేరియన్ అయితే మరికాస్త ఎక్కువ. బాలింతను మంచం దిగనివ్వని అత్తమ్మలకు, అమ్మలకు గౌరవంగానే చెబుతున్నాను: డాక్టర్ నడవమంటే నడవనివ్వండి. ఒక కాలు వాస్తే "బాలింత నీరు, అదే తగ్గిపోతుంది" అని ఆగకండి.

ఉన్నట్టుండి ఆయాసం, గాలి పీలిస్తే ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం - వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కాలు బాగానే ఉన్నా సరే, ఆలస్యం వద్దు. గడ్డ అప్పటికే ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు.

కాలి వాపు మాత్రమే ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. డాప్లర్ స్కాన్ అంటే కడుపుతో ఉన్నప్పుడు చేసే స్కాన్ లాంటిదే, సూది ఉండదు. గడ్డ ఉందని తేలితే రక్తం పలచబరిచే మందులు ఇస్తారు. సాధారణంగా కనీసం 3 నెలలు వాడాలి. వాపు తగ్గిందని మధ్యలో మానేయకూడదు. ఈమధ్య జరిగిన ఆపరేషన్, కాన్పు, దూర ప్రయాణం, వాడుతున్న గర్భనిరోధక మాత్రలు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా గడ్డకట్టి ఉంటే ఆ సంగతి, ఇవన్నీ డాక్టర్ అడగకముందే మీరే చెప్పండి.