చిన్న భాషలోకి కొత్తవాళ్లని ఎలా పిలవాలి?

ఫ్రెండ్స్, ఈసారి పాఠం కోడ్ రాసే మనుషుల గురించి. పైథాన్ నేర్చుకుంటున్నా అంటే ఎవరూ ఎందుకని అడగరు. ఎలిక్సిర్ అంటే మాత్రం వెంటనే వచ్చే ప్రశ్న: "ప్లేస్‌మెంట్స్‌లో అడుగుతారా?" ఈ ప్రశ్నని చూసి నవ్వకూడదు. లోన్ తీసుకుని చదువుతున్నవాళ్లకి ఒక సెమిస్టర్ టైమ్ అంటే మాటలు కాదు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: జావా, పైథాన్ అడిగినంతగా దీన్ని అడగరు. మరి ఎందుకు పిలవాలి?

కాస్త నేపథ్యం చూద్దాం. 1980ల రెండో సగంలో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎర్లాంగ్ అనే భాష తయారుచేసింది. ఒక కాల్ చెడిపోతే మిగతా కాల్స్ ఆగకూడదు. అందుకే ప్రతి పనీ విడిగా ఒక చిన్న ప్రాసెస్‌లో నడుస్తుంది. ఒకటి పడిపోతే సూపర్‌వైజర్ దాన్ని మళ్లీ మొదలుపెడుతుంది. ఉప్పల్ డిపో బస్సు ఒకటి దారిలో ఆగిపోయిందనుకోండి, రూటంతా ఆపేయరు కదా, ఇంకో బస్సు పంపిస్తారు. అదే ఐడియా. 1998లో ఎర్లాంగ్ ఓపెన్ సోర్స్ అయింది. వాట్సాప్ సర్వర్లు పెరిగింది దీనిమీదే.

ఇంత శక్తి ఉన్నా, సింటాక్స్ చూసి చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. 2011లో బ్రెజిల్‌కి చెందిన జోసె వాలిమ్, అదే వర్చువల్ మెషీన్ మీద నడిచే ఎలిక్సిర్‌ని మొదలుపెట్టారు. 1.0 వెర్షన్ 2014లో వచ్చింది. రూబీ తెలిసినవాళ్లకి సింటాక్స్ కొత్తగా అనిపించదు. ప్రాజెక్ట్ మొదలుపెట్టాలన్నా, టెస్టులు నడపాలన్నా మిక్స్ అనే ఒక్క టూల్ చాలు. ఫంక్షన్ల వివరణలు షెల్‌లోనే చదువుకోవచ్చు. ఇంజిన్ పాతదే, గుమ్మం కొత్తది.

గుమ్మం ఎలా కట్టాలో మనవాళ్లూ చూపించారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకీ ఇదే సమస్య: రాసేవాళ్లు తక్కువ, కంప్యూటర్‌లో తెలుగు టైపింగే కష్టం. అక్కడ వాడే మాటలు చూడండి. నాలుగు లైన్ల వ్యాసాన్ని "మొలక" అంటారు. తప్పులు చేస్తూ నేర్చుకునే చోటు "ప్రయోగశాల". అందరూ మాట్లాడుకునే చోటు "రచ్చబండ". దారి తెలియకపోతే మీ చర్చా పేజీలో "సహాయం కావాలి" అనే మూస పెడితే చాలు. ఈ నాలుగు మాటలనీ మన కోడింగ్ క్లబ్‌కి తెచ్చుకుందాం.

మొలక: మొదటి పని ఒక గంటలో అయిపోవాలి. ఒక టెస్ట్, ఒక ఉదాహరణ, లేదా ఒక ఫంక్షన్‌కి తెలుగు వివరణ. మొదటిరోజే పెద్ద ప్రాజెక్ట్ ఇస్తే రెండోరోజు ఎవరూ కనబడరు.

ప్రయోగశాల: ఇన్‌స్టాలేషన్‌తో మొదలుపెట్టొద్దు. ల్యాబ్ సిస్టమ్స్‌లో పర్మిషన్ ఉండదు, సగం టైమ్ అక్కడే పోతుంది. లైవ్‌బుక్ అనే నోట్‌బుక్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే నోట్‌బుక్‌లో పనిచేయొచ్చు.

రచ్చబండ: టెక్ మీటప్ అనగానే మాదాపూర్, గచ్చిబౌలి గుర్తొస్తాయి. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది, నిజమే. కానీ నాచారం నుంచి వచ్చేవాళ్లు ముందు హబ్సిగూడకో ఉప్పల్‌కో చేరాలి. రాత్రి ఎనిమిదికి ముగిసే మీటింగ్ అయితే హాస్టల్ గేటు సంగతేంటి? ఇంట్లో ఏం చెప్పాలి? చాలామంది అమ్మాయిలకి రావాలా వద్దా అనేది ఇక్కడే తేలిపోతుంది. అందుకే శనివారం మధ్యాహ్నం, మన వైపే, రెండు గంటలు, చీకటి పడకముందే ముగించేద్దాం.

సహాయం: "గూగుల్ చెయ్" అనే జవాబు తలుపు మూసేస్తుంది. అదే ప్రశ్న పదోసారి వచ్చినా పదకొండో మనిషికి అది మొదటిసారే. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకే "ఇమ్యూటబుల్" అన్న మాట గాల్లో ఉన్నట్టుండేది. "ఒకసారి తయారైన డేటా మారదు, మార్పు కావాలంటే కొత్తది తయారవుతుంది" అని తెలుగులో చెప్పుకున్నాకే కాళ్లు నేల మీద ఆనాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు. ప్రాసెస్‌లు మెసేజ్‌లతో మాట్లాడుకోవడం, మారని డేటా, ఫెయిల్యూర్‌ని ముందే లెక్కలో పెట్టుకోవడం: ఇవి అర్థమైతే ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లోనూ, రేపు జావా ఉద్యోగంలోనూ పనికొస్తాయి. జూనియర్లకి ఇంతవరకే మాటివ్వాలి, అంతకుమించి వద్దు. మొదటిరోజు సెల్ఫీలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టకండి. మూడోవారం ఎంతమంది వచ్చారో చూడండి.

ఈ వారం అభ్యాసం: ఏదైనా ఒక ఎలిక్సిర్ ఫంక్షన్ తీసుకుని నాలుగు తెలుగు వాక్యాల్లో వివరించండి. సివిల్ లేదా మెకానికల్ ఫ్రెండ్‌తో చదివించండి. వాళ్లు ఏ మాట దగ్గర ఆగారో రాసి పంపండి. తర్వాతి పాఠం ఆ మాటతోనే మొదలుపెడదాం.