పోచారము సరస్సుపై ఒక మధ్యాహ్నము

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల విద్యార్థులకు సముద్రము బహుదూరము. పడవపై తీరము వెంబడి మెల్లగా సాగుచు వన్యప్రాణులను చూచుట పరదేశీయుల వినోదమని మనము తలంతుము. కాని ఎల్లారెడ్డి నుండి మెదకునకు పోవు త్రోవలో, నాగిరెడ్డిపేట మండలమున, అట్టి అవకాశమే మనకును కలదు. అదియే పోచారము సరస్సు. మాఘమాసపు ఒక మధ్యాహ్నము అచ్చట మేము నేర్చినదానిని తోడి విద్యార్థులతో పంచుకొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ సరస్సు సహజముగా ఏర్పడినది కాదు. మంజీరకు ఉపనదియైన ఆలేరుపై నిజాము ప్రభుత్వము కట్టించిన ఆనకట్ట 1922లో పూర్తియైనది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలములలో సుమారు 10,500 ఎకరములకు దీని నీరే ఆధారము. 2025 ఆగస్టు చివర కురిసిన కుంభవృష్టికి సైతము ఈ పాత కట్ట నిలిచినది. చుట్టునున్న అడవి ఒకప్పుడు నిజాముల వేటస్థలము. 1952లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 130 చదరపు కిలోమీటర్లు. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు వంటివి అందు కలవు.

వేట నుండి వీక్షణమునకు జరిగిన ఈ మార్పు పడవల చరిత్రలో కూడ కనిపించును. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూయిట్ ప్రజలు చట్రముపై సీలు చర్మము బిగించి కయాకు అను సన్నని పడవను చేసికొనిరి. సవ్వడి లేకుండ జంతువును సమీపించి వేటాడుటయే దాని ప్రయోజనము. నేడు లోకమంతట అట్టి పడవనే ప్రాణులను చూచుటకు వాడుచున్నారు. మాకు కయాకు లేదు. అనుమతి పొంది, ఒక వృద్ధ జాలరి తెప్పపై బయలుదేరితిమి. ఎక్కకముందే ఆయన, "సారూ, మాట్లాడకుండ్రి. లేచి నిలబడకుండ్రి. పిట్ట మనను చూసినంక మనం చూసేదేం ఉండదు" అని హెచ్చరించెను.

గాలి లేదు. నీరు తగ్గినచోట మట్టి మిట్టలు చిన్న లంకలవలె తేలియుండెను. మొదటి మిట్టపై నత్తగుల్లకొంగలు కనిపించెను. ముక్కు మూసినను దాని నడుమ సందు మిగులుట వీని ప్రత్యేకత. నత్తలను పట్టి తినుటకు ఆ ముక్కు మిక్కిలి అనువైనది. మోడుపై నీటికాకి రెక్కలు చాచి ఆరబెట్టుకొనుచుండెను.

రెండవ లంక చెంత నారింజ వన్నె బాతుల జంట యుండెను. మాలో ఒకరు "జక్కవలు" అనిరి. వేరొకరు "సుర్ఖాబులు" అనిరి. ఇరువురి మాటయు సత్యమే. చక్రవాకమని సంస్కృత కవులు, జక్కవయని తెలుగు కవులు వర్ణించిన పక్షి ఇదియే. రాత్రివేళ జంట విడిపోవునని కవిసమయము. ఉర్దూలో గర్వించువానిని చూచి "క్యా సుర్ఖాబ్ కే పర్ లగే హైఁ?" అని అడుగుట వాడుక. ఒకే పక్షి మన కళాశాలలోని రెండు భాషలలోను గూడు కట్టుకొన్నదని గ్రహించి సంతసించితిమి.

ఆవల, తలపై రెండు నల్లని అడ్డచారలు గల పెద్దబాతుల గుంపు గట్టున గడ్డి మేయుచుండెను. ఇవి టిబెట్టు, మంగోలియాల ఎత్తైన సరస్సుల చెంత పిల్లలను పెంచి, హిమాలయములను దాటి శీతకాలమున మన దేశమునకు వచ్చును. ఏడువేల మీటర్లకు పైబడిన ఎత్తున ఇవి ఎగిరినట్లు శాస్త్రజ్ఞులు పరికరముల ద్వారా కనుగొనిరి. పలుచని గాలిలో సైతము ప్రాణవాయువును గ్రహింపగల శక్తి వీని రక్తమునకు కలదు.

అప్పుడే మావలన తప్పు జరిగెను. ఛాయాచిత్రము కొరకు మాలో ఒకరు లేచి నిలిచిరి. క్షణములో గుంపంతయు లేచి, కేకలు వేయుచు దూరమునకు పోయెను. తాత ఏమియు అనలేదు. తెడ్డు మాత్రము ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ఆ మౌనము మమ్ము మందలించుటకన్న ఎక్కువగా బాధించెను.

ఇది స్వల్ప విషయము కాదు. వలసపక్షి ఇచ్చట మేసి కూడబెట్టుకొను కొవ్వే దాని తిరుగు ప్రయాణమునకు దారిబత్తెము. బెదరి ఎగిరిన ప్రతిమారు ఆ బత్తెములో కొంత కరిగిపోవును, మేయుటకు గల సమయమును తగ్గును. మనకది ఒక చిత్రము. దానికది కొండ దాటుటకు కావలసిన బలము. కనుక పక్షి మేత మాని తల యెత్తినచో అచ్చటనే ఆగవలెను. దానికి ఎదురుగా పోక, ప్రక్కగా సాగవలెను. దుర్భిణి యున్నచో దగ్గరకు పోవలసిన పనియే లేదు.

సరస్సునకు వేరొక చిక్కు కూడ కలదు. మొదట సుమారు 2.4 టీఎంసీల నీరు పట్టిన ఈ జలాశయము పూడిక చేరుటచే నేడు సుమారు 1.8 టీఎంసీలే పట్టుచున్నది. దీనివలన నష్టపోవునది మొదట రైతు. రైతునకును పక్షికిని ఆధారము ఈ ఒక్క చెరువే.

డాక్టర్ సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానమంతట తిరిగి పక్షులను సర్వేక్షించెను. 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుచున్నది. మన విద్యార్థులు ఏటేట ఒక దినము పోచారమునకు పోయి, చూచిన పక్షుల పేర్లను, సంఖ్యను తెలుగు, ఉర్దూ భాషలలో ఒక పుస్తకమున వ్రాసి ఉంచినచో అది రాబోవు తరములకు అమూల్యమగును. కళాశాల కమిటీ ఒక మంచి దుర్భిణిని సమకూర్చినచో ఆ పని ఈ శీతకాలముననే ఆరంభింపవచ్చును.

ప్రొద్దు వాలుచుండగా మేము తెప్ప దిగితిమి. పెద్దబాతులు తిరిగి గట్టున వ్రాలెను. ఈమారు మేము దూరముగా నిలిచియే చూచితిమి.