కార్డునకును మెమరీకిని నడుమ దారి

“కంప్యూటరు మందగించినది, క్రొత్తది కొనవలెనా?” అని తలిదండ్రులు మమ్ము తరచుగా అడుగుచుందురు. గని జీతముతో ఇల్లు గడుపుకొనువారికి ఇది చిన్న ప్రశ్న గాదు. డబ్బు చెల్లించుటకు ముందు చూడవలసినది యొకటి కలదు. అది యంత్రములో అమర్చిన కార్డులకును మెమరీకిని నడుమ సమాచారము నడచు దారి.

మన చంద్రపూరు వారికి దీనిని బొగ్గుతో చెప్పిన సులభముగా బోధపడును. గనిలో ఎంత త్రవ్వినను, వ్యాగన్లు వేళకు కదలనిచో థర్మల్ కేంద్రపు బాయిలరునకు బొగ్గు చాలదు. అట్లే ప్రాసెసరు ఎంత చురుకైనదైనను, సమాచారము అందువరకు కాచుకొని యుండవలసినదే.

పూర్వపు ఏర్పాటులో కార్డునుండి వచ్చు ప్రతి ముక్కను ప్రాసెసరే అందుకొని మెమరీలో ఉంచెడిది. గని మేనేజరే తట్ట నెత్తిన బెట్టుకొని మోసినట్లు! డి.ఎం.ఏ. పద్ధతిలో ప్రాసెసరు ‘ఎచటనుండి, ఎచటికి, ఎంత’ అని ఆజ్ఞ మాత్రమిచ్చును. సరకు నేరుగా మెమరీకి చేరును. పని ముగిసినంతనే కబురు వచ్చును. ఈలోగా ప్రాసెసరు వేరు పని చూచుకొనును.

దారి కూడ మారినది. 1992లో వెలువడిన పి.సి.ఐ. సెకనుకు 133 మెగాబైట్లు మోయగలిగెడిది. దానినే కార్డులన్నియు పంచుకొనవలెను. అది సింగిల్ లైను వంటిది. 2003లో వచ్చిన పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ ఒక్కొక్క కార్డునకు వేరువేరు లైన్లు వేసినది. దీని రూపకర్తలలో ముఖ్యుడు వడోదరలో చదివిన అజయ్ భట్. మొదటి తరములో 16 లైన్లకు ఒక్కొక్క దిశలో 4 గిగాబైట్లు, 2010 నాటి మూడవ తరములో సుమారు 15.75.

గ్రాఫిక్స్ కార్డులోని మెమరీని ప్రాసెసరు చాలకాలము 256 మెగాబైట్ల కిటికీ గుండ మాత్రమే చూచెడిది. రీసైజబుల్ బార్ అను సదుపాయము ఆ కిటికీని వాకిలి గావించినది. 2022లో ఇంటెల్ తన ఆర్క్ కార్డులకు దీనిని ఆన్ చేసికొనవలెనని చెప్పినది. అప్పుడు ఆ గ్రాఫిక్స్ విభాగాధిపతి ఆంధ్ర విశ్వవిద్యాలయములో చదివిన తెలుగువాడు, రాజా కోడూరి. పిల్లలకు చెప్పదగిన మాట.

ఇక ఇంట చేయదగినది. పొడవైన స్లాటులన్నియు 16 లైన్లవి గావు. కొన్నిటి లోపల 4 మాత్రమే యుండును. మదర్‌బోర్డు పుస్తకము చూచి కార్డును సరియైన స్లాటులో పెట్టించవలెను. మెమరీ పలక ఒక్కటే యున్నచో, అట్టిదే మరియొకటి జతచేసిన మెమరీదారి రెండింతలగును. పాత హార్డ్ డిస్కే మాంద్యమునకు కారణమైనచో ఇవేవియు పనిచేయవు. అప్పుడు మదర్‌బోర్డున తగిన స్లాటు కలదేమో చూచి, పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ దారిన నడచు ఎస్.ఎస్.డి. వేయించవచ్చును. దానికి సాధారణముగా 4 లైన్లు చాలును.