ట్రాక్టరు ఇంజనులో ఒక సిలిండరు మండనప్పుడు

సార్వా దమ్ముల రోజులలో ట్రాక్టరు రెండు దినములు ఆగినచో నారు ముదురును, కూలీలు పొరుగు చేనికి పోవుదురు. ఆ తొందరలో కొందరు రైతులు చప్పుడు తేడాగా ఉన్న ఇంజనును అట్లే పొలములోనికి దింపుదురు. మరికొందరు ఎవరో చెప్పిన మాటపై ఇంజను మొత్తము విప్పింతురు. రెండును నష్టమే.

గత సార్వాలో నా పరిధిలోని ఒక రైతు యొక్క పాత మూడు సిలిండర్ల ట్రాక్టరు తెల్లని పొగ విడుచుచు, దమ్ములో బలము చాలక నిలిచిపోవుచుండెను. బోరు అరిగినదనియు, పిస్టనులు, రింగులు మార్చవలెననియు ఆయనకు చెప్పిరి. ఎరువులకు దాచిన సొమ్మును దానికి పెట్టుటకు ఆయన సిద్ధపడెను. ఇంజను విప్పుటకు ముందు ఈ దిగువ పరీక్షలు చేయగా, దోషము ఒక నాజిల్‌లో మాత్రమే ఉన్నట్లు తేలినది.

దోషము ఎట్లు కలుగును?

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని 16 మొదలు 18 రెట్ల వరకు అదుమును. ఆ గాలి మిక్కిలి వేడెక్కి, నాజిల్ చిమ్మిన సన్నని డీజిలు తుంపర తనంతట అంటుకొనును. కనుక సిలిండరు మండుటకు ముఖ్యముగా రెండు కావలెను: సరిగా చిమ్మిన డీజిలు, సరిగా అదిమిన గాలి. నిమిషమునకు 600 చుట్లు తిరుగు ఇంజనులో ప్రతి సిలిండరు 300 సార్లు మండవలెను. ఒకటి మండకున్నచో చప్పుడు వరుస తప్పును, బండి అదురును. మెకానికులు దీనినే మిస్సింగు అందురు.

ఇట్టి బండిని నడపరాదు. కాలని డీజిలు సిలిండరు గోడల మీది నూనెను కడిగివేయును, క్రిందికి దిగి ఇంజను ఆయిలును పలుచన చేయును. అందువలన బాగుగా ఉన్న రింగులు, బేరింగులు కూడ అరుగును.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

ట్రాక్టరును ఆరుబయట నిలిపి, గేరు తీసి, బ్రేకు వేసి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. తలగుడ్డ, పైపంచె తీసివేయవలెను. అవి ఫ్యాను బెల్టులో చిక్కుకొనును. చల్లని ఇంజను కొద్దిసేపు మిస్సగుట కలదు. కనుక వేడెక్కిన తరువాతనే పరీక్షింపవలెను. ఈ పద్ధతి పాత తరహా పంపు గల ఇంజనులకే చెల్లును. కామన్ రెయిల్ అను కొత్త పద్ధతి ఇంజనులలో పైపుల పీడనము మిక్కిలి హెచ్చు. ఇంజను నడుచుచుండగా వాటిని వదులు చేయుట ప్రాణాపాయము.

పరీక్ష చేయు క్రమము

1. ఫిల్టరు, గాలి: అన్ని సిలిండర్లును ఒకసారి మండి, ఒకసారి మానుచున్నచో దోషము సాధారణముగా డీజిలు రాకలో ఉండును. ఫిల్టరు మార్చి, అడుగున చేరిన నీటిని వదలి, ఎయిరు తీయవలెను. చాల బండ్లు ఇంతటితోనే బాగుపడును.

2. ఏ సిలిండరు?: ఇంజనును నెమ్మదిగా నడుపుచు, మొదటి నాజిల్‌కు వచ్చు డీజిలు పైపు నట్టును పానాతో అర చుట్టు వదులు చేయవలెను. కారు డీజిలు వేడి సైలెన్సరుపై పడకుండ గుడ్డ అడ్డుపెట్టవలెను. చప్పుడు మారి ఇంజను ఇంకను కుంటినచో ఆ సిలిండరు మంచిది. మరల బిగించి తరువాతి దానిని చూడవలెను. ఏ నట్టు వదులు చేసినను మార్పు కానరాదో, అదియే మండని సిలిండరు. అచ్చట డీజిలు కారకున్నచో పంపునందు గాని పైపునందు గాని దోషము కలదు. బుడగలు వచ్చినచో ఇంకను గాలి ఉన్నది.

3. నాజిల్ మార్పిడి: ఇంజను ఆపి, చల్లారిన తరువాత చుట్టును దుమ్ము తుడిచి, ఆ నాజిల్‌ను పక్క సిలిండరు నాజిల్‌తో మార్చి బిగించవలెను. అడుగున కొత్త రాగి వాషర్లు వేయవలెను. ఎయిరు తీసి మరల రెండవ పరీక్ష చేయవలెను. దోషము నాజిల్ వెంట పక్క సిలిండరునకు పోయినచో నాజిల్ చెడినది. దోషము ఉన్నచోటనే నిలిచి, డీజిలు బాగుగా వచ్చుచున్నచో, గాలి సరిగా అదుమబడుట లేదని అనుమానింపవలెను.

4. ట్యాపెట్లు: వాల్వు పూర్తిగా మూసుకొననిచో గాలి జారిపోవును. ట్యాపెట్ల సందును ఫీలరు గేజితో చూడవలెను. మాసీ ఫెర్గూసన్ 35 నందలి మూడు సిలిండర్ల పర్కిన్స్ ఇంజనుకు ఈ సందు వేడిమీద 0.010 అంగుళము, చల్లగా నున్నపుడు 0.012 అంగుళము. ఇతర బండ్లకు వాటి చేతిపుస్తకములో చెప్పిన కొలతయే ప్రమాణము.

5. చివరగా ఇంజను విప్పుట: ట్యాపెట్లు సరిచేసినను మండనిచో మెకానికుచే కంప్రెషను గేజితో కొలిపించవలెను. రేడియేటరు నీటిలో బుడగలు వచ్చుట, ఆయిలు పాలవలె తెల్లబారుట హెడ్ గ్యాస్కెటు పోయినదనుటకు గుర్తులు. నీలిపొగ వచ్చి, ఆయిలు త్వరగా తరుగుచున్నచో రింగులు అరిగియుండవచ్చును. వేడి రేడియేటరు మూత ఎన్నడును తీయరాదు.

ఒక హెచ్చరిక

నాజిల్‌ను బయటకు తీసి చిమ్మించి, దాని ఎదుట చేయి పెట్టి చూచు అలవాటు కొందరికి కలదు. ఆ ధార చర్మమును చీల్చి లోనికి పోవును. గాయము సూదిపోటంతే కనిపించినను లోపల కండ చెడి, వ్రేలు తీసివేయవలసి రావచ్చును. అట్లు జరిగినచో నొప్పి లేకున్నను ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను. నాజిల్ పరీక్షను పంపు రిపేరు షాపునందలి యంత్రముపైననే చేయింపవలెను.

మరల రాకుండుటకు

డ్రమ్ములోని డీజిలును ఒక రోజు కదలకుండ ఉంచి, పైతేట మాత్రమే వాడవలెను. పని ముగిసిన సాయంత్రమే టాంకు నింపినచో రాత్రి చెమ్మ చేరదు. మిస్సింగుతో నడచిన బండికి రిపేరు తరువాత ఇంజను ఆయిలు తప్పక మార్చవలెను.

పైన చెప్పిన రైతు నాజిల్‌ను, రాగి వాషరును మార్పించి, ఆయిలు మార్చి, మూడవనాడు దమ్ము సాగించెను. ఎరువుల సొమ్ము ఎరువులకే మిగిలెను. బోరు పోయినదని ఎవరైన చెప్పినపుడు, “ఏ సిలిండరు? నాజిల్ మార్చి చూచితిరా? కంప్రెషను కొలిచితిరా?” అని అడుగుట రైతు హక్కు. ఆ మూడింటికిని జవాబు దొరకిన తరువాతనే ఇంజను విప్పనీయవలెను.